పది నిమిషాలు ఆగకుండా రాస్తున్నాను, కథకు ఆలోచన మాత్రం అందడం లేదు

నీలిసిరా | జనవరి 6, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక బ్యాంకు శాఖలో పని చేస్తున్నాను. చిన్న కథలు రాయాలన్నది నాకు చాలా కాలంగా ఉన్న కోరిక. అక్టోబరు మొదటి వారం నుంచి ప్రతిరోజూ తెల్లవారుజామున ఐదుంపావుకు లేచి, పది నిమిషాల పాటు కలం ఎత్తకుండా రాయడం అలవాటు చేసుకున్నాను. ఫ్రీరైటింగ్ అని మనం ఇక్కడ తరచుగా చెప్పుకునేది ఇదే. రాసేటప్పుడు కొట్టివేతలు పెట్టుకోను, వెనక్కి తిరిగి చదవను, ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అన్న వాక్యాన్నే తోచేదాకా రాస్తూ పోతాను. రోజుకు పేజీన్నర చొప్పున వంద పేజీల నోటు పుస్తకం ఒకటి నిండిపోయి, రెండోదానిలో మూడో వంతు అయింది.

అలవాటు నిలబడినందుకు సంతోషంగానే ఉంది, మనసు తేలికపడుతున్న మాటా నిజమే. కానీ మూడు నెలల తర్వాత కూడా, ఇది కథ కాగలదు అనిపించే ఆలోచన ఒక్కటీ చేతికి రాలేదు. నేను ఏదైనా వదిలేస్తున్నానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పలకబలపం | జనవరి 6, రాత్రి 10:40

నీలిసిరా గారూ, ముందుగా ఒక ప్రశ్న. నిండిన ఆ పుస్తకాన్ని మీరు ఎప్పుడైనా తెరిచి చదివారా?

నీలిసిరా | జనవరి 7, ఉదయం 5:50

లేదండీ. వెనక్కి చూడకూడదన్నదే ఇందులో మొదటి నియమమని అనుకున్నాను. రాయడం అయిపోగానే బీరువాలో పెట్టేస్తున్నాను.

పలకబలపం | జనవరి 7, రాత్రి 8:15

చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం. ఈ పద్ధతిని అందరికీ తెలిసేలా చేసినవారిలో ముఖ్యుడు పీటర్ ఎల్బో అనే అమెరికన్ ఆచార్యుడు. రాయలేక హార్వర్డ్‌లో పరిశోధన చదువును మధ్యలో వదులుకున్న మనిషి ఆయన. కొన్నేళ్లకు మరో విశ్వవిద్యాలయంలో మళ్ళీ చేరినప్పుడు, రాత దగ్గర తాను ఎక్కడ ఎందుకు ఆగిపోతున్నాడో తనకోసం చీటీల మీద రాసుకుంటూ వచ్చాడు. 1973లో వెలువడిన ఆయన పుస్తకానికి ఆ చీటీలే ఆధారం. వారానికి కనీసం మూడుసార్లు, పది నిమిషాల చొప్పున, దేనికీ ఆగకుండా రాయమని ఆయన చెప్పిన మాట మీరు పాటిస్తున్నదే. అయితే అది చేతిని వదులు చేసే సాధన. ఆలోచన కావలసినవారికి ఆయన చెప్పిన పద్ధతి వేరే ఉంది. ముప్పావు గంట ఆగకుండా రాసి, మిగిలిన పావుగంటలో దాన్ని చదివి, రాసినదాని బరువంతా ఏ మాట దగ్గరికి చేరుతోందో గమనించి, దాన్ని ఒక్క వాక్యంగా పెట్టమన్నాడు. తర్వాతి గంట ఆ వాక్యం దగ్గర మొదలవుతుంది. మనకు అంత సమయం దొరకనప్పుడు పది నిమిషాలు రాసి, ఐదు నిమిషాలు చదివి, మళ్ళీ పది నిమిషాలు రాసినా పని జరుగుతుంది.

నేను ఇరవై ఆరేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలను వర్షాకాలం మీద వ్యాసం రాయమంటే నలభై మందీ గైడులో ఉన్న నాలుగు వాక్యాలనే తిప్పి రాసేవారు. ఒక సంవత్సరం పద్ధతి మార్చి, గడియారం ముందు పెట్టుకొని ఏడు నిమిషాలు ఆగకుండా రాయమన్నాను. ఆ కాగితం నేను చూడనని, మార్కులు ఉండవని ముందే మాట ఇచ్చాను. రాయడం అయ్యాక ఎవరి కాగితం వారే చదువుకొని, తమకు నచ్చిన ఒక్క వాక్యం కింద గీత గీసి, ఇష్టమైతే లేచి పైకి చదవమన్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచి, ‘వాన పడే రాత్రి మా నాన్న బండి చప్పుడు వినపడితే ముందు కుక్క లేస్తుంది, తర్వాత మా అమ్మ లేస్తుంది’ అని చదివింది. గది నిశ్శబ్దమైపోయింది. ఆ వాక్యం పేజీలో ఎక్కడ ఉందో తర్వాత తనే చూపించింది. పైన పన్నెండు వరుసలు మేఘాలు, నెమళ్ళు, రైతుల ఆనందం. పదమూడో వరుసలో కుక్క. గీత గీయమని అడగకపోయి ఉంటే ఆ వాక్యం తాను రాసినట్టు ఆ పిల్లకే తెలిసేది కాదు.

కాబట్టి మీరు వదిలేసినది రెండో సగం. పుస్తకం తెరవండి.

దూరతీరం | జనవరి 7, రాత్రి 11:30

పలకబలపం గారి మాటకు చిన్న చేర్పు. ఉదయం లేవగానే రాయడమన్న సలహా ఎల్బో కంటే పాతది. 1934లోనే డొరతియా బ్రాండీ అనే రచయిత్రి, మామూలు కంటే అరగంటో గంటో ముందు లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, పత్రిక తిరగేయకుండా వెంటనే రాయమని చెప్పారు. రాసినదాన్ని కొన్నాళ్లు చదవవద్దని చెప్పినవారూ ఆవిడే. అయితే అది కొన్నాళ్లకే పరిమితం. పేజీలు పోగయ్యాక వాటిని పరాయివారి రాతలా చదివితే, మన చెయ్యి తనంతట తాను ఎటువైపు పోతుందో, ఎలాంటి విషయాలను మళ్ళీ మళ్ళీ పట్టుకుంటుందో తెలుస్తుందని ఆవిడ ఉద్దేశం. మూడు నెలలు ఆగారు కనుక మీ పుస్తకం ఇప్పుడు సరిగ్గా చదివే అదునుకు వచ్చింది.

మంజీర ఒడ్డు | జనవరి 8, ఉదయం 7:05

నీలిసిరా గారూ, మీరు ఏ తెలుగులో రాస్తున్నారు? ఈ ప్రశ్నకు కారణం ఉంది.

మాది సంగారెడ్డి దగ్గర పల్లె. నేను మొదలుపెట్టినప్పుడు ఆగకుండా రాయాలని కూర్చున్నా ప్రతి రెండో మాటకు కలం నిలబడేది. లోపల మాట ‘సమజైతలేదు’ అని వస్తుంది, చెయ్యి దాన్ని ‘అర్థం కావడం లేదు’ అని మార్చి కాగితం మీద పెడుతుంది. ‘శ’ రాయాలా ‘ష’ రాయాలా అన్న సందేహం ఒకటి, ‘ళ’ దగ్గర మరొకటి. తప్పులు దిద్దే మనిషిని బయటికి పంపి రాయాలంటారు కదా, నా విషయంలో ఆ మనిషి చిన్నప్పటి బడి. ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీదికి రాకూడదని నేర్పింది అక్కడే. గిడుగు రామమూర్తి గారు నూరేళ్ల కిందట గ్రాంథికంతో పోరాడి వాడుక భాషను పుస్తకాల్లోకి తెచ్చినా, మన యాసలకు మాత్రం ఆ గుమ్మం చాలా కాలం మూసే ఉంది. నేను ఈ భయాన్ని వదిలి మా అమ్మతో మాట్లాడినట్టే రాయడం మొదలుపెట్టిన వారంలోపే, రాత వేగం మారిన సంగతి తర్వాత, రాసే సంగతులే మారిపోయాయి. మా పెద్దబాపు, అంటే పెదనాన్న గురించి పుస్తక భాషలో ఎన్నిసార్లు రాయబోయినా ఆయన ఫొటోలోని మనిషిలా కదలకుండా ఉండిపోయాడు. యాసలో రాస్తే మొదటి రోజే వచ్చి కొట్లాడాడు.

పది నిమిషాల రాత ఎవరికీ చూపించేది కాదు. అక్కడైనా మన మాట మనం రాసుకోవచ్చు.

ధారణ | జనవరి 8, మధ్యాహ్నం 1:20

మంజీర ఒడ్డు గారు తప్పులు దిద్దే మనిషి గురించి చెప్పినది చదువుతుంటే నాకు అవధానం గుర్తుకు వచ్చింది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు, అంటే ఎదురుగా కూర్చొని ప్రశ్నించేవాడు, ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని వేరే అక్షరంతో, వేరే మాటతో, ఛందస్సు చెడకుండా పద్యం నడపాలి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో నిషేధించే పనికే ఒకరు, అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస మళ్ళించే పనికి మరొకరు ఉంటారు. అవధానికి ఎన్నో ఏళ్ల సాధన, కంఠస్థమైన వేల పద్యాలు అండగా ఉంటాయి. మనలాంటివారు ఆ అండ లేకుండానే కాగితం ముందు కూర్చొని, ఆ ఇద్దరు పృచ్ఛకులనూ మన తలలోనే కూర్చోబెట్టుకుంటాం. మొదటి అక్షరానికే నిషేధం పడితే రెండో అక్షరం పుట్టదు. వారిద్దరినీ పది నిమిషాలు బయట కూర్చోమనడమే ఫ్రీరైటింగ్ అని నాకు అర్థమైంది.

అవధానం నుంచే మనం అరువు తెచ్చుకోదగినది ఒకటి ఉంది. దత్తపదిలో పృచ్ఛకుడు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు పదాలు ఇచ్చి, వాటితో ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు. నేను ఖాళీ కాగితంతో మొదలుపెట్టడం మానేసి, ఇంట్లో ఎవరినైనా నాలుగు మాటలు అడిగి పేజీ పైన రాసుకుంటున్నాను. నిన్న మా అబ్బాయి ‘తాళంచెవి, ఉప్పు, రైలు, మేనత్త’ అని ఇచ్చాడు. ఎక్కడికి వెళ్లినా ఉప్పు పొట్లం వెంట తీసుకువెళ్లే మేనత్త ఒకరు నాకు నిజంగానే ఉండేదని, ఆవిడ రైలెక్కిన రోజు మా ఇంటి తాళంచెవి పొరపాటున ఆవిడ సంచిలో వెళ్లిపోయిందని ఏడో నిమిషంలో గుర్తుకు వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి నా తలపుకే రాలేదు.

కృష్ణలంక | జనవరి 9, రాత్రి 9:45

అందరి అభిప్రాయాలనూ గౌరవిస్తూనే నా అనుభవం చెబుతున్నాను. నేను నెల రోజులు ఈ పద్ధతి పాటించి, తర్వాత పుస్తకం చదివాను. ఆఫీసు మీద ఫిర్యాదులు, బంధువుల మీద ఫిర్యాదులు, నిద్ర చాలలేదన్న మాట తప్ప అందులో ఏమీ కనపడలేదు. రోజూ అదే రాయడం వల్ల ఆ బాధలు మరింత ముదిరినట్టు కూడా అనిపించింది. మంచి పుస్తకాలు చదవడం, సాయంత్రం కృష్ణ ఒడ్డున నడవడం నాకు ఇంతకంటే ఎక్కువ ఆలోచనలు ఇచ్చాయి. చైతన్య స్రవంతి పద్ధతిలో వచ్చిన తెలుగు నవలలు కూడా ఇలా మనసుకు వచ్చింది వచ్చినట్టు రాసినవే అంటారు కదా, మరి మన పేజీలు అలా ఎందుకు ఉండవు?

దూరతీరం | జనవరి 10, ఉదయం 6:30

కృష్ణలంక గారూ, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చైతన్య స్రవంతి ఒక కథన శిల్పం. పాత్ర మనసులో ఆలోచనలు తోసుకువస్తున్నట్టు పాఠకుడికి అనిపించాలని రచయిత ఎంతో శ్రద్ధగా కూర్చేది. 1919లో పారిస్‌లో ఆంద్రే బ్రెతోఁ, ఫిలిప్ సూపో అనే కవులు కలిసి చేసిన స్వయంచలిత రచన, అంటే అదుపు లేకుండా వచ్చింది వచ్చినట్టు రాయడం, మన పద్ధతికి కొంత దగ్గర, కానీ అలా వచ్చిన రాతే వారికి కవిత్వం. మనం రాసే పది నిమిషాల పేజీ ఈ రెండూ కాదు. ఇసుకలోంచి ఏరుకోవడానికి ముందు పోసుకున్న ఇసుక అది. అందులో అందం వెతికితే నిరాశే కలుగుతుంది.

ఇక మీరు చెప్పిన రెండో సంగతి మరింత ముఖ్యమైనది. నేను ఉంటున్న డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో 1980ల్లో జేమ్స్ పెనిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, విద్యార్థుల చేత తమ జీవితంలోని బాధాకరమైన ఘటనల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున రాయించాడు. ఘటనతో పాటు తమ భావాలనూ రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. కానీ రాసిన వెంటనే మాత్రం వారి మనసు మరింత బరువెక్కింది. ఆ ప్రయోగం నాలుగు రోజుల్లో ముగిసింది, నెలల తరబడి ఒకే గాయాన్ని గీకింది కాదు. అందుచేత ఒకే ఫిర్యాదు నాలుగో రోజూ వస్తే దాని మీద రాయడం ఆపి, ధారణ గారు చెప్పినట్టు వేరే మాటలతో మొదలుపెట్టడం మేలు. మీ నడకను మానవద్దు. నడిచి వచ్చాక పది నిమిషాలు రాసి చూడమని మాత్రం కోరుతున్నాను.

చిటికి | జనవరి 10, రాత్రి 8:50

నేను రచయితను కాను. పోచంపల్లి చీరలకు డిజైన్లు వేస్తాను. ఈ చర్చ నాకు సంబంధం లేనిదనుకొని చదవడం మొదలుపెట్టి, చివరికి రాయక తప్పలేదు.

గ్రాఫు కాగితం ముందు కూర్చుంటే నా చేతికి పాత డిజైన్లే వస్తాయి. గళ్ళు ముందే గీసి ఉంటాయి కనుక చెయ్యి తనకు అలవాటైన లెక్కకే పోతుంది. రెండేళ్ల కిందట ఒక పరిచయస్తురాలి సలహా మీద, పెన్సిలు పక్కన పెట్టి, ఆ రోజు చూసినవన్నీ మాటల్లో రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు రాతలో ‘బస్టాండులో వాన నీళ్ల మీద లైటు నిలువుగా సాగి అంచుల్లో వణికింది’ అన్న మాట ఉంది. చదివినప్పుడు ఆ ‘వణికింది’ దగ్గర ఆగిపోయాను. చిటికి నేతలో నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచుతాము కాబట్టి, మగ్గం మీద నేసేటప్పుడు రంగుల అంచు కత్తిరించినట్టు రాదు, కొంచెం చెదురుతుంది. ఆ చెదురును తగ్గించడానికే మేము ఎప్పుడూ పాటుపడతాము. ఆ వాక్యం చదివాక, చెదురే కనపడాలన్న ఉద్దేశంతో నిలువు చారలు సన్నగా మొదలై వెడల్పయ్యే ఒక కొంగు వేశాను. బొమ్మగా నాకు ఎన్నటికీ తోచేది కాదు, మాటగానే వచ్చింది.

నీలిసిరా | జనవరి 11, ఉదయం 6:02

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం కనుక ఈ రోజు పుస్తకం తెరుస్తున్నాను. ఒక చిన్న సందేహం. రెండో పుస్తకాన్ని ఫోనులో రాసుకుంటే తర్వాత వెతుక్కోవడం సులువు కదా?

దూరతీరం | జనవరి 11, ఉదయం 9:15

నేను రెండూ చేశాను. ఫోనులో ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొడుతుంటే, ప్రతి మాటకూ పైన మూడు మాటలు చూపించి ఏది కావాలని అడుగుతుంది. ఆ ఎంపిక దగ్గరే ధార తెగిపోతుంది. తప్పనిసరిగా యంత్రం మీదే రాయాలంటే సూచనలు ఆపేసి, తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకొని, తెర వెలుగును పూర్తిగా తగ్గించి రాయండి. కనపడని వాక్యాన్ని దిద్దలేము. పుస్తకం మీదే రాయగలిగితే అంతకంటే మంచిది లేదు.

నీలిసిరా | జనవరి 18, రాత్రి 10:25

వారం రోజులు పట్టింది. జరిగినది వివరంగా చెబుతాను.

మొదటి ముప్పై పేజీలు కృష్ణలంక గారు చెప్పినట్టే ఉన్నాయి. బదిలీ గురించిన బెంగ, కరెంటు పోవడం, అత్తగారి మోకాళ్ల నొప్పులు. ఎర్ర పెన్సిలుతో గీత గీద్దామని కూర్చొని నలభై పేజీల దాకా ఒక్క గీతా గీయలేదు. నలభై రెండో పేజీలో, ఫించను రోజున మా శాఖలో జరిగినది రెండు వరుసల్లో ఉంది. వేలిముద్ర పడని ఒక ముసలావిడ వేలిని నేను నా చేత్తో యంత్రం మీద నొక్కి పట్టుకున్నానని, ఆ వేలు నున్నగా ఉందని రాశాను. దాని కింద గీత గీసి ముందుకు వెళ్లాను. డెబ్బయ్యో పేజీ దగ్గర, కారణం లేకుండా, ‘ఆ వేలు’ అని మళ్ళీ ఉంది. రెండో పుస్తకంలో, మా ఇంట్లో పగిలిన పలకరాయి గురించి రాస్తూ ‘ఆవిడ వేలిలా నున్నగా’ అని రాశాను. మూడుసార్లు వచ్చిన ఆ వేలిని మూడు నెలలుగా నేను గమనించలేదు.

ఆ తర్వాత పలకబలపం గారు చెప్పినట్టు, కొత్త పేజీ పైన ‘ఆ వేలు నున్నగా ఉంది’ అని రాసి పది నిమిషాలు రాశాను, చదివాను, మళ్ళీ రాశాను. రెండో విడతలో ఆ వేలు అలా ఎందుకైందో వచ్చింది. ఆవిడది పలాస వైపు. వయసులో ఉన్నన్నాళ్లూ జీడిపిక్కలు కొట్టి పప్పు తీసిన మనిషి. ఆ పిక్క తొక్కలో ఉండే జీడి రసం చర్మాన్ని కాల్చి నల్లగా చేస్తుంది. ఏళ్ల తరబడి కాలి, ఊడి, మళ్ళీ వచ్చిన చర్మం మీద గీతలు మిగలవు. ఇదంతా ఈ ప్రాంతంలో పుట్టిన నాకు తెలియనిది కాదు. యంత్రం ముందు నిలబడిన ఆవిడతో దాన్ని కలపడం మాత్రం ఎప్పుడూ జరగలేదు.

మూడో విడతలో మంజీర ఒడ్డు గారి మాట పట్టుకొని మా యాసలో రాశాను. అప్పుడు ఆవిడే మాట్లాడింది. ‘మిసను నన్ను పోల్సనేదమ్మా’ అంది. ఆ రోజు ఆవిడ నిజంగా అన్న మాటే అది. నా మొదటి రాతలో అది ‘వేలిముద్ర సరిపోలేదు’ అని ఉంది.

పలకబలపం | జనవరి 18, రాత్రి 10:58

నీలిసిరా గారూ, ఇంకేమీ వెతకవద్దు. ఆ మాట పేజీ పైన రాసి రేపు ఉదయం కూర్చోండి.

మంజీర ఒడ్డు | జనవరి 19, ఉదయం 6:40

ఆ వాక్యం చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కథ పూర్తయ్యాక అచ్చుకు పంపేటప్పుడు ఆ మాటను ఎవరు దిద్దమన్నా దిద్దవద్దని నా మనవి.

కృష్ణలంక | జనవరి 19, రాత్రి 9:30

నా పాత పుస్తకాన్ని మళ్ళీ తెరిచాను. ఫిర్యాదులను వదిలేసి, మళ్ళీ మళ్ళీ వచ్చిన వస్తువుల కోసం మాత్రమే చూశాను. మా ఆఫీసు మెట్ల కింద బూట్లు కుట్టే ఆయన గొడుగు ఐదు చోట్ల ఉంది. ఎందుకో నాకు ఇంకా తెలియదు. రేపు గొడుగుతో మొదలుపెడతాను.

నీలిసిరా | జనవరి 20, ఉదయం 5:48

నిన్న, ఈ రోజు కలిపి నాలుగు విడతలు రాశాను. ఆవిడకు ఇద్దరు కొడుకులని, ఒకడు చెన్నైలో ఉన్నాడని తెలిసింది. ఇది నిజంగా జరిగినది కాదు, రాతలో వచ్చినది. ఫించను పడకపోతే ఆవిడ ఆ సంగతి కొడుక్కి ఫోనులో చెబుతుందా, దాస్తుందా అన్నది తేలలేదు. రేపటి పేజీ పైన ‘ఆవిడ ఫోను ఎత్తింది’ అని రాసి ఉంచాను.